మంటికుండలో దాచిన పత్రము: బెంజమిన్ షుల్జ్ గారి జీవితము

ధ్యాన భాగము: యిర్మీయా 32:6–15



యెరూషలేము ముట్టడిలో నున్నప్పుడు యిర్మీయా ప్రవక్త అనాతోతులో ఒక పొలము కొనెను. శత్రువులు ఆ పొలమును తొక్కుచుండగా ఆయన వెండి తూచి యిచ్చి, సాక్షులచేత వ్రాలు చేయించి, క్రయపత్రములను బారూకునకు అప్పగించి, బహు దినములు నిలుచునట్లు మంటికుండలో ఉంచుమని చెప్పెను. మన డెల్టాలో భూమి కొనువారికి ఈ సంగతి చక్కగా బోధపడును. దస్తావేజు పెట్టెలో నుండగా పొలము వరద క్రింద నుండుట మన గోదావరి లంకలవారికి క్రొత్త కాదు. అయినను, యిర్మీయా ఆ పొలములో ఒక్క పంటయైనను కోసినట్లు గ్రంథములో లేదు.

ఈ నెల మేము చెప్పబోవు మనుష్యుడు అటువంటి పత్రమొకటి వ్రాసినవాడు. రాజమండ్రిలో గాని, నరసాపురములో గాని మిషనెరీలు అడుగు పెట్టుటకు నూరేండ్లకు పైగా ముందు, ఆయన పరిశుద్ధ గ్రంథమును మూల భాషలనుండి మన తెలుగులోనికి తిప్పెను. అది ఆయన జీవితకాలములో అచ్చు కాలేదు. తరువాతను అచ్చు కాలేదు. ఆయన పేరు బెంజమిన్ షుల్జ్.

ఆయన జీవితమునకు ముందు ఒక మాట చెప్పవలసియున్నది. నేడు మన గుడిలో పాఠము చదువుటకు ఉపదేశిగారు పుస్తకము తెరచినప్పుడు అది అచ్చు పుస్తకమే. అచ్చుకూటములు లేని కాలమున సువార్త చేతివ్రాతలోనే ఒక తరమునుండి మరియొక తరమునకు వచ్చెను. గ్రీకు సంఘములలో ఆదివారములకును పండుగలకును చదువవలసిన సువార్త భాగములను వరుసగా కూర్చి, గొఱ్ఱెల మేకల చర్మములను పదునుచేసి చేసిన ఆకులమీద వ్రాసికొనుచుండిరి. ఆ పఠన గ్రంథములు పునరుత్థాన పండుగతో ఆరంభమగును. మొదటి పాఠము యోహాను సువార్త మొదటి అధ్యాయము. పెంతెకొస్తు దాటిన తరువాత మత్తయి, ఆ పిమ్మట లూకా, నలువది దినముల ఉపవాసకాలపు ఆదివారములలో మార్కు. కొన్నిటిలో వాక్యముల పైనను క్రిందను చిన్న చిన్న గుర్తులు ఎఱ్ఱ సిరాతో కనబడును. చదువువాడు ఎక్కడ స్వరమెత్తవలెనో, ఎక్కడ దించవలెనో ఆ గుర్తులు తెలుపును. అట్టి పఠన గ్రంథములు లోకమంతటను కలిసి నేటికిని రెండువేలకు మించి నిలిచియున్నవి. వాటిని వ్రాసినవారిలో అనేకుల పేరైనను మనకు తెలియదు.

1516లో ఎరాస్మసు అను పండితుడు బాసెలు పట్టణములో గ్రీకు క్రొత్త నిబంధనను అచ్చువేయించి ప్రకటించినప్పుడు ఆయన చేతిలో నున్నవి ఇట్టి చేతివ్రాత గ్రంథములు కొన్ని మాత్రమే. ప్రకటన గ్రంథమునకు దొరికిన ఒక్క ప్రతిలో కడపటి ఆకు లేకపోగా, ఆ కడపటి వచనములను లాటినునుండి ఆయనే గ్రీకులోనికి తిప్పి పూరించెను. ఇది చదివి నవ్వువారు నవ్వవచ్చును గాని, ఒక్క ఆకు పోయిన యెడల ఎంత కష్టమో దీనివలన తెలియుచున్నది. అట్లు చేతివ్రాతనుండి అచ్చునకు వచ్చిన గ్రీకు నిబంధననే రెండువందల సంవత్సరముల తరువాత జర్మనీ దేశపు విద్యార్థులు చదువుచుండిరి. వారిలో షుల్జ్ ఒకడు.

ఆయన 1689లో బ్రాండెన్‌బర్గు రాజ్యములోని సోనెన్‌బర్గు అను ఊరిలో పుట్టెను. ఆ ఊరు నేడు పోలండు దేశములో నున్నది. హాలె పట్టణములో ఆగస్టు హెర్మాను ఫ్రాంకె గారి పాదములయొద్ద చదివెను. ఫ్రాంకె గారు అనాథ బాలురకొరకు గొప్ప ఆశ్రమమును, బడులను స్థాపించినవారు. అక్కడనే 1710లో కాన్‌స్టైన్ అను ప్రభువు బైబిలు అచ్చుకూటము నొకటి పెట్టించి, బీదవారు సయితము కొనగల వెలకు జర్మను బైబిళ్లను అమ్మించుచుండెను. ప్రతి పుటకును కూర్చిన సీసపు అక్షరములను విప్పివేయక అట్లే నిలిపియుంచి మరల మరల అచ్చువేయుటవలన వెల తగ్గెను. దినకూలివాని యింటిలో కూడ బైబిలు ఉండవచ్చునని కన్నులార చూచిన పడుచువాడు ఆ పట్టణమునుండి మన దేశమునకు వచ్చెను. ఆయన తరువాత చేసిన పనికి వేరు ఇక్కడనే యున్నదని మా తలంపు.

1719 సెప్టెంబరులో షుల్జ్ గారు తరంగంబాడి చేరెను. అది డేనుల రాజుగారి అధీనములోని రేవు, తంజావూరు సీమలోనిది. అక్కడ 1706లో మిషను స్థాపించిన సీగెన్‌బల్గు గారు అదే సంవత్సరము ఫిబ్రవరిలో ప్రభువునందు నిద్రించియుండిరి. వారి జతపనివారైన గ్రుండ్లరు గారు బ్రదికియుండిరి గాని, ఆరు నెలలకే, అనగా 1720లో, వారును గతించిరి. భాష ఇంకను నోట తిరుగని క్రొత్తవాని చేతిలో సంఘము, బడులు, అచ్చుకూటము, సగములో నిలిచిన ఒక గ్రంథము పడెను.

ఆ గ్రంథము అరవ పాత నిబంధన. సీగెన్‌బల్గు గారు క్రొత్త నిబంధనను ముగించి 1715లో అచ్చువేయించిరి. పాత నిబంధనలో రూతు గ్రంథమువరకు వచ్చి ఆగిపోయిరి. షుల్జ్ గారు అరవము నేర్చుకొని, సమూయేలు మొదలుకొని మలాకీ వరకు తర్జుమా చేసిరి. 1723 మొదలు 1728 వరకు అది భాగములుగా అచ్చాయెను. భారత దేశపు భాషలలో మొదట సంపూర్ణముగా అచ్చయిన బైబిలు అదే. ఒకడు దున్నిన చాలులో మరియొకడు ఎద్దులను కట్టి తుదవరకు పోవుట సులభము కాదు. మొదటివాని మాటల పొందిక వేరు, రెండవవాని పొందిక వేరు. అరవ సంఘము తరువాతి కాలమున ఆ తర్జుమాను మార్చుకొనెను. అయినను అది లేక తరువాతిది లేదు.

ఇక్కడ మేము దాచకుండ చెప్పవలసిన సంగతి యొకటి. షుల్జ్ గారు కష్టజీవియే గాని కలుపుగోలు మనిషి కారు. తన మాట చెల్లవలెనను స్వభావము. తరంగంబాడికి తరువాత వచ్చిన సహోదరులతో ఆయనకు సరిపడలేదు. పౌలు బర్నబాలు మార్కు విషయమై తీవ్రమైన వాదము కలిగి వేరైపోయిన సంగతి అపొస్తలుల కార్యములలో దాచలేదు గదా. మిషనెరీల జీవితములను వ్రాయువారు తరచుగా ఇట్టివి విడిచిపెట్టుదురు. విడిచిపెట్టిన యెడల ఆయన చెన్నపట్టణమునకు ఎందుకు వెళ్లెనో సగమే బోధపడును, ఆయన వ్రాతలు తరువాత ఎందుకు అట్లు నిలిచిపోయెనో అసలే బోధపడదు.

1726లో ఆయన చెన్నపట్టణమునకు వెళ్లెను. అది ఇంగ్లీషు కంపెనీవారి పట్టణము. 1728 నుండి లండనులోని క్రైస్తవ జ్ఞాన వ్యాపక సంఘమువారు ఆయన ఖర్చులు భరించిరి. లూథరను బోధకుడు, ఇంగ్లీషు సంఘపు సొమ్ము, డేనుల మిషనునుండి వచ్చినవాడు: ఆ కాలమున ఇట్టి కలయిక జరిగెను.

చెన్నపట్టణపు వీధులలో ఆయన చెవిని పడినది అరవము మాత్రమే కాదు. వ్యాపారులు, నేతవారు, పనివారు తెలుగు మాటలాడుచుండిరి. అరవవారు ఉత్తరమునుండి వచ్చిన మనవారిని వడుగరని పిలుతురు. షుల్జ్ గారు కూడ మన భాషకు లాటినులో పేరు వ్రాసినప్పుడు, తెలుగు అని వ్రాసి, దానికి వాడుకలో నున్న వడుగ అను పేరునే తన ఉచ్చారణలో చేర్చిరి. ఇంత జనమునకు వారి భాషలో దేవుని వాక్యమొక్క పుటయైనను లేదని ఆయన గ్రహించెను. అప్పటికి ఆయన వయస్సు ముప్పదియేడు దాటినది. అరవ బైబిలు పని ఇంకను చేతిలోనే యున్నది. అయినను తెలుగు అక్షరములు దిద్ద మొదలుపెట్టెను.

తెలుగు నేర్చుటకు నేటివలె వాచకములు లేవు. పండితులయొద్ద కూర్చుండి విని, వ్రాసికొని, మరల వారికే చదివి వినిపించి దిద్దుకొనవలెను. ఆ పండితులు నేర్పు భాష పద్యముల భాష. వీధిలో మాటలాడు భాష వేరు. షుల్జ్ గారు వీధి భాషనే ఎక్కువగా పట్టుకొనిరి. 1728లో, వచ్చిన రెండేండ్లకే, తెలుగునకు లాటినులో ఒక వ్యాకరణము వ్రాసిరి. మన భాషకు ఐరోపావారు వ్రాసిన వ్యాకరణములలో మిక్కిలి ప్రాచీనమైన వాటిలో అదొకటి. సి. పి. బ్రౌను దొరగారు తెలుగునకు చేసిన మేలు మనమెల్లరము ఎరిగినదే. ఆ బ్రౌను గారు పుట్టుటకు డెబ్బది యేండ్లు ముందు వ్రాసినదిది.

ఆ దినములలోనే గ్రీకునుండి క్రొత్త నిబంధనను, తరువాత హెబ్రీనుండి పాత నిబంధనను తెలుగున వ్రాయుచు వచ్చిరి. 1732 నాటికి ఆ పని ముగిసెను. ఆరేండ్ల పని. ఆ బల్లమీద జరిగినదేమో ఒక్కసారి ఊహింతము. గ్రీకులోని ఒక్క మాటకు తెలుగులో మాట వెదకవలెను. కృప అనవలెనా, దయ అనవలెనా? పాపమను మాట ఈ దేశములో ఎప్పటినుండియో యున్నది గాని దానికి జనులు చెప్పుకొను అర్థము వేరు. మోక్షమను మాటయు అట్లే. క్రొత్త మాట కట్టిన యెడల ఎవనికిని అర్థము కాదు. పాత మాటను వాడిన యెడల పాత అర్థము వెంటవచ్చును. నేటికిని మన బోధకులు పల్లెలో ప్రసంగించునప్పుడు ఈ చిక్కు పడుచునే యున్నారు. ఇప్పుడు మనకు ఏ సందేహము వచ్చినను తీసి చూచుకొనుటకు తెలుగు బైబిలు ఉన్నది. ఆయనకు ముందు తెలుగులో అట్టిది లేదు.

వ్రాసినది చేతిలో నుండెను, అచ్చువేయుటకు దారి లేకపోయెను. అరవ అక్షరములను హాలెలోను, తరంగంబాడిలోను పోతపోసియుండిరి. తెలుగు అక్షరములను సీసములో పోసినవారు ఈ దేశములో అప్పటికి లేరు. మన లిపిలో తలకట్టులు, గుడులు, కొమ్ములు, వత్తులు ఎన్నియున్నవో బాలశిక్ష చదివిన పిల్లవానికి తెలియును. వీటన్నిటికి అచ్చులు చెక్కించుట సామాన్యమైన ఖర్చు కాదు. ఆ కాలమున తెలుగువారు చదువుకొన్నది తాటియాకులమీద. గంటముతో గీసి, మసి పూసి తుడిచిన యెడల అక్షరము నల్లగా కనబడును. ఒక పుస్తకము కావలెనన్న మరల అంతయు గీయవలెను. హాలెలో కాన్‌స్టైన్ గారి యంత్రములు బైబిళ్లను వేలకొలది అచ్చువేయుచుండగా, ఆ హాలెనుండి వచ్చినవాని తెలుగు బైబిలు గ్రీకు సన్యాసుల కాలపు బైబిలువలె చేతివ్రాతగానే మిగిలెను.

1743లో ఆరోగ్యము చెడి ఆయన స్వదేశమునకు వెళ్లిపోయెను. ఇరువది నాలుగేండ్లు ఈ ఎండలలో గడిపిన దేహమది. చెన్నపట్టణపు పనిని ఫెబ్రీషియసు గారు చేపట్టిరి. వారు పరిశుద్ధులు, గొప్ప అరవ పండితులు. అరవ బైబిలును మరల తర్జుమా చేసి, అరవ కీర్తనలు కూర్చి ఆ సంఘమునకు మహోపకారము చేసిరి. తెలుగు పనిని తమ ముఖ్య భారముగా ఎత్తుకొనినవారు మాత్రము లేకపోయిరి. దీనిలో ఫెబ్రీషియసు గారి తప్పేమియు లేదు, ఇద్దరి పని ఒక్కరు చేయలేరు. షుల్జ్ గారు తన ప్రక్కన ఒక తిమోతిని కూర్చుండబెట్టుకొని, నాగలి మేడి అతని చేతికి ఇచ్చి వెళ్లియుండవలసినది. అది ఆయన చేయలేదు. తన చేతులతో అన్నియు చేయగలవానికి తరచుగా వచ్చు లోటు ఇదేనని మాకు తోచుచున్నది. మన సంఘములలో కూడ పెద్దలు గతించిన మరుదినము గుడి దీపము ఎవరు వెలిగింపవలెనో తెలియని చోట్లు ఉన్నవి.

హాలెలో ఆయనను అనాథాశ్రమములో ఉంచిరి. ఏబది నాలుగేండ్ల వయస్సులో, జబ్బుతో వచ్చినవాడు విశ్రమించిన యెడల ఎవరును తప్పు పట్టరు. ఆయన తెలుగు అక్షరములు చేయించుటకు పూనుకొనెను. మన అక్షరము తప్ప మన ఊరొక్కటియు చూడని జర్మను పనివారు ఆయన చూపిన రూపములనుబట్టి తెలుగు అచ్చులు తయారుచేసిరి. 1746లో లూథరు గారి చిన్న ప్రశ్నోత్తరి తెలుగులో అచ్చాయెను. ఆ రెండు సంవత్సరములలో, అనగా 1746, 1747లలో, మోక్షమునకు పోవు దోవనుగూర్చి యొకటి, నూరు జ్ఞాన వచనములు గల చిన్న పుస్తకమొకటి, మరి కొన్నియు వెలువడెను. తెలుగు అక్షరములతో అచ్చయిన పుస్తకములలో మనకు తెలిసినంతవరకు ఇవియే మొదటివి. వాటి భాష పండితుల భాష కాదు. మార్గమని గాక దోవ అని వ్రాయుటలోనే ఆయన ఎవరికొరకు వ్రాసెనో తెలియుచున్నది.

రాజమండ్రి ప్రాంతపు లూథరను సంఘములలో ఆదివారపు బడి పిల్లలు పది ఆజ్ఞలకు అర్థము చెప్పుదురు గదా. ఆ ప్రశ్నలు ఆ జవాబులు తెలుగు అచ్చులో మొదట కనబడినది రాజమండ్రిలో కాదు, గుంటూరులో కాదు, చెన్నపట్టణములోను కాదు. మంచు కురియు హాలెలో, తెలుగువాడు ఒక్కడును లేని వీధిలో.

ఆ పుస్తకములు వెలువడిన ఆ 1746లోనే ఇంకొక సంగతి జరిగెను. సెప్టెంబరులో ఫ్రెంచివారు చెన్నపట్టణమును పట్టుకొనిరి. మిషనువారి పని చెల్లాచెదరాయెను. ఫెబ్రీషియసు గారు పులికాటునకు వెళ్లవలసి వచ్చెను. మూడేండ్లకు గాని పట్టణము ఇంగ్లీషువారికి తిరిగి రాలేదు. అక్కడ పుస్తకము సిద్ధపడిన వేళకు ఇక్కడ చదువవలసిన సంఘమునకు నిలువ నీడ లేకపోయెను.

ఆయన హాలెలో చేసినది అచ్చు పని మాత్రమే కాదు. 1745లో ఆయన వ్రాసిన హిందూస్థానీ వ్యాకరణము అచ్చాయెను. ఆ భాషలోనికి కూడ లేఖన భాగములను తిప్పిరి. 1748లో లైప్సిగు పట్టణములో లోకభాషల లిపులను, రెండువందల భాషలలో ప్రభువు ప్రార్థనను కూర్చిన ఒక పెద్ద గ్రంథము వెలువడగా దానికిని ఆయన సహాయము చేసిరి. మిషనునకు వెళ్లగోరు పడుచువారికి భాష నేర్పుచుండిరి. అట్లు ఆయనయొద్ద అరవము నేర్చినవారిలో క్రిస్టియను ఫ్రెడరిక్ ష్వార్జ్ ఒకరు. ఆయన 1750లో తరంగంబాడి చేరి, అక్కడను తిరుచినాపల్లిలోను తంజావూరులోను కలిసి నలుబది యెనిమిదేండ్లు పనిచేసి, రాజులచేత సయితము తండ్రివలె ఎంచబడెను. స్వంత తోటిపనివారితో సరిపడని షుల్జ్ గారికి అట్టి శిష్యుడు దొరకుట దేవుని కృపయే గాని వేరు కాదు.

1760లో, డెబ్బదియొక్క యేండ్ల వయస్సులో, షుల్జ్ గారు హాలెలోనే కన్నుమూసిరి. తెలుగు సువార్త పెట్టెలోనే యుండెను.

ఆ తరువాత నలువదియైదేండ్లు గడచెను. 1805లో లండను మిషనరీ సంఘమువారు పంపిన జార్జి క్రాను గారును, ఆగస్టసు డెగ్రాంజ్ గారును విశాఖపట్టణమునకు వచ్చిరి. వారు మొదటినుండి మరల ఆరంభింపవలసి వచ్చెను. అక్షరములు మరల దిద్దిరి, మాటలు మరల వెదకిరి. అప్పుడు వారియొద్దకు ఆనందరాయరు అను బ్రాహ్మణ క్రైస్తవుడు వచ్చి తర్జుమాలో తోడ్పడెను. ఆయన బాప్తిస్మము పొందినది ఎక్కడ? తరంగంబాడిలో. షుల్జ్ గారు తన అరవ బైబిలును ముగించిన చోటనే, హాలెనుండి వచ్చిన బోధకులు నడిపిన ఆ సంఘములోనే. తెలుగు సువార్త వ్రాసిన చేతివ్రాత ఒక దారిన హాలె పెట్టెలోనికి పోగా, తెలుగు సువార్త వ్రాయవలసిన మనుష్యుడు ఇంకొక దారిన తరంగంబాడినుండి విశాఖపట్టణమునకు నడచి వచ్చెను. మేము ఈ రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చాలసేపు ఆలోచించితిమి.

క్రాను గారు 1809లోను, డెగ్రాంజ్ గారు 1810లోను మరణించిరి. వారెవరును తమ పుస్తకము అచ్చులో చూడలేదు. 1812లో శ్రీరామపూరులో మత్తయి, మార్కు, లూకా సువార్తలు తెలుగులో అచ్చాయెను. గ్రీకువారు సంవత్సరపు పాఠములకు మొదట పెట్టుకొన్న యోహాను సువార్త మనకు ఆ పుస్తకములో రాలేదు. 1818 నాటికి క్రొత్త నిబంధన యంతయు వచ్చెను. 1836లో ఈ దేశమునకు వచ్చిన బౌడెను, బీరు దొరగార్లు నరసాపురము పాలకొల్లు ప్రాంతములలో పల్లెపల్లెకు తిరిగినప్పుడును, 1845లో వాలెటు గారు రాజమండ్రిలో పని మొదలుపెట్టినప్పుడును, వారి సంచిలో తెలుగు అచ్చు సువార్త ఉండుటకు సందు దొరికినది ఇట్లే.

షుల్జ్ గారి ఆరేండ్ల పని వృథాయాయెనా అని చదువరులలో కొందరు అడుగుదురు. మేమును అడిగికొంటిమి. ఒక లెక్కలో వృథాయే అని ఒప్పుకొనవలెను. అరువది డెబ్బది యేండ్లు తెలుగువాడు చదువదగిన సువార్త ఒక పట్టణములో వ్రాతగా నుండగా, తెలుగు పల్లెలలో తరములు దానిని వినకుండ గతించినవి. దీనిని తీపిమాటలతో కప్పుట మాకు ఇష్టము లేదు. అనాతోతు పొలపు పత్రము కుండలో నుండగా యిర్మీయాను ఐగుప్తునకు తీసికొనిపోయిరి. ఆయన తిరిగి వచ్చినట్లు గ్రంథము చెప్పదు.

షుల్జ్ గారు 1728లో చెన్నపట్టణమున వ్రాసిన తెలుగు వ్యాకరణము హాలెలోనే యుండెను. రెండువందల యేబదియారు సంవత్సరముల తరువాత, 1984లో, హాలె విశ్వవిద్యాలయమువారు దానిని ఆయన చేతివ్రాత ఉన్నది ఉన్నట్లుగా అచ్చువేసి ప్రకటించిరి. ఆ విశ్వవిద్యాలయమునకు పేరు మార్టిను లూథరు విశ్వవిద్యాలయము. ఆ పట్టణము అప్పుడు కమ్యూనిస్టు ప్రభుత్వము క్రింద నుండెను.